కనబడని రేడియేషన్‌ని ఫొటోకెక్కించడం: ఫిల్మ్ మీద పడిన మచ్చ నిజమైనదేనా?

నీడబొమ్మ:

అణు కాలుష్యం మీద ఒక చిన్న ప్రదర్శన తయారవుతోంది. పాడుబడ్డ బడి, నేలమీద పడున్న గ్యాస్ మాస్కు, తుప్పుపట్టిన రంగులరాట్నం లాంటి ఫొటోలు వద్దని ముందే అనుకున్నాం. ఊరు ఖాళీ అయిందని అవి చెబుతాయి, ఎందుకు ఖాళీ అయిందో చెప్పవు. రేడియేషన్ తన చేత్తో తానే వేసిన గుర్తు కావాలి.

మూడు దారులు కనబడ్డాయి. ఒకటి, జపాన్ కళాకారుడు షింపేయి తకెదా 2012లో చేసినట్టు, ఫుకుషిమా ప్రమాదం తర్వాతి మట్టిని నెలరోజులు చీకట్లో ఫిల్మ్ మీద ఉంచడం. రెండు, రేడియేషన్ కొలిచే గైగర్ కౌంటర్‌కి ఎల్ఈడీ కర్ర తగిలించి, రాత్రిపూట లాంగ్ ఎక్స్‌పోజర్‌లో వెలుగు గీతలు గీయడం. మూడు, యురేనియం గాజుని అతినీలలోహిత కాంతిలో మెరిపించడం.

థోరియం ఉన్న పాత లాంతరు మాంటిల్‌ని ఎక్స్‌రే ఫిల్మ్ మీద నాలుగు రోజులు ఉంచితే దాని అల్లిక స్పష్టంగా పడింది. కానీ పక్కన పెట్టిన ఖాళీ ఫిల్మ్ మీద కూడా అక్కడక్కడా నల్ల చుక్కలు, ఒక అంచున మబ్బులాంటి మరక ఉన్నాయి. రేపు మట్టి పెట్టినప్పుడు ఏది సీజియం (అణు ప్రమాదంలో వెలువడే రేడియోధార్మిక మూలకం), ఏది చెత్త అని తేల్చేదెలా? అసలు వస్తువుని తాకకుండా, సీసం పెట్టెకి సూదిబెజ్జం పెట్టి స్థలాన్నే ఫొటో తీయొచ్చా? ఇంకోటి, ఎల్ఈడీ కర్రని ఒకేచోట కదలకుండా పట్టుకున్నా రంగులు మార్చేస్తోంది. అది కౌంటర్ లోపమా?

—

చీకటిగది:

ఖాళీ ఫిల్మ్ పక్కన పెట్టారు చూడండి, సగం పని అక్కడే అయింది. చాలామంది ఎగ్గొట్టేది దాన్నే.

ఫిల్మ్ నల్లబడటానికి రేడియేషన్ ఒక్కటే కారణం కాదు. 1896లో బెకెరెల్ నల్లకాగితం చుట్టిన ప్లేటు మీద యురేనియం లవణం పెట్టి, మధ్యలో ఉంచిన రాగి శిలువ నీడను పట్టిన సంగతి అందరికీ తెలుసు. ఇంచుమించు ఆ రోజుల్లోనే రసెల్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఇంకోటి చూపించాడు. కోసిన చెక్క, టర్పెంటైన్, గీకి మెరుగుపెట్టిన జింకు కూడా చీకట్లో ప్లేటు మీద బొమ్మ వేస్తాయి. అందులో రేడియేషన్ ఏమీ లేదు, అవి వదిలే హైడ్రోజన్ పెరాక్సైడ్ చేసే పని అది. మట్టిలో ఆకులు, వేళ్లు, చెక్కపొట్టు ఉంటాయి కదా, వాటికీ ఆ గుణం ఉంటుంది. తడి తగిలితే ఎమల్షన్ (ఫిల్మ్ మీది వెండి లవణాల పూత) ఉబ్బి అంటుకుపోతుంది. ఫిల్మ్‌ని కవర్లోంచి సర్రున లాగితే స్థిరవిద్యుత్తు చెట్టుకొమ్మల్లాంటి గీతలు గీస్తుంది. గోరు నొక్కితే నెలవంక పడుతుంది. మీ అంచు మరక చాలావరకు వెలుతురు కారడమే, కవరు మడత దగ్గర చూడండి.

నిజం తేల్చడానికి నికరమైన పద్ధతి ఒకటుంది: ఒకదాని మీద ఒకటి రెండు ఫిల్ములు పెట్టండి. సీజియం-137 బీటా కణాల గరిష్ఠ శక్తి 514 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. మొదటి ఫిల్మ్‌ని దాటుకుని రెండోదాని మీద కూడా అదే చోట గుర్తు వేస్తాయి, కాస్త పలచబడి, కాస్త చెదిరి. రసాయనం మరక, గోటి గుర్తు మొదటి ఫిల్మ్‌తోనే ఆగిపోతాయి. ఆ తర్వాత అదే నమూనాని 90 డిగ్రీలు తిప్పి కొత్త ఫిల్మ్ మీద ఇంకోసారి పెట్టండి. చుక్కలు నమూనాతోపాటు తిరిగితే అవి నమూనావే. తిరగకపోతే ఫిల్మ్‌వో, పెట్టెవో.

పద్ధతి ఇలా. నమూనాని పూర్తిగా ఆరబెట్టాలి. 12 నుంచి 25 మైక్రాన్ల పాలియెస్టర్ పొరలో గాలి పోకుండా సీలు చేయాలి. ఆ పొర ఆవిరిని ఆపుతుంది, మట్టి దుమ్ము లేవనివ్వదు, బీటాని పెద్దగా అడ్డుకోదు. ఆల్ఫా మాత్రం చాలావరకు తగ్గిపోతుంది, ట్రిటియం అసలు బయటికే రాదు. ఫిల్మ్‌ని, నమూనాని బల్లపరుపుగా నొక్కిపెట్టాలి, ఒకటి రెండు కిలోల బరువు చాలు. రెండింటి మధ్య ఎంత ఎడముంటే బొమ్మ ఇంచుమించు అంత మసకబారుతుంది, 3 మిల్లీమీటర్ల ఎడముంటే గీతలన్నీ మబ్బే. అందుకే చెప్పు అడుగుభాగం, చేతొడుగు లాంటివాటిని పరిచి, చదును చేసి పెట్టాలి.

ఎన్నాళ్లు అంటే లెక్క కట్టకండి, పరీక్ష పట్టీ వేయండి. ఒకే నమూనా మీద 1, 3, 9, 27 రోజులు. మంచి యురేనియం ఖనిజపు ముక్క ఒక్క రాత్రిలో పడుతుంది. మామూలు పొటాషియం క్లోరైడ్ గ్రాముకి 16 బెకెరెల్ (సెకనుకి 16 అణువులు విచ్ఛిన్నమవడం) దగ్గర ఉంటుంది, దానికి వారాలు పడతాయి. అయితే అది చౌకైన, భయంలేని పరీక్ష నమూనా. బీటా కణం ఒక్కటి తగిలినా వెండి గింజ డెవలప్ అయ్యే స్థితికి వస్తుంది కాబట్టి, బలహీనమైన వెలుతురులో ఫిల్మ్ మొండికేసినట్టు ఇక్కడ మొండికేయదు. నెల పెడితే నెలకి తగ్గ ఫలితమే వస్తుంది. రేడియేషన్‌ని వెలుతురుగా మార్చే ఇంటెన్సిఫైయింగ్ తెర వాడితే మాత్రం ఆ మొండితనం తిరిగొస్తుంది, ఎందుకంటే అప్పుడు ఫిల్మ్‌ని తాకేది వెలుతురు. ప్రయోగశాలల్లో తెర వాడినప్పుడు మైనస్ 70 డిగ్రీల ఫ్రీజర్లో పెట్టేది అందుకే. మీకు తెర వద్దు. బొమ్మ పదును కూడా పోతుంది.

నెలలు ఉంచితే ఫిల్మ్ తనంతట తానే బూడిదరంగు కడుతుంది, కొంత వేడికి, కొంత విశ్వకిరణాలకి. ఫ్రిజ్‌లో 4 డిగ్రీల దగ్గర, సిలికా జెల్‌తో ఉంచండి. తీశాక గది వేడికి వచ్చేదాకా కవరు విప్పొద్దు, నీరు పడుతుంది. డెవలపర్ 20 డిగ్రీల దగ్గర 5 నిమిషాలు. ఎక్స్‌రే ఫిల్మ్‌కి రెండువైపులా ఎమల్షన్ ఉంటుంది, ట్రే అడుగుకి రాసుకుంటే గీతలే గీతలు. క్లిప్పుకి వేలాడదీసి చేయండి.

పనిలో పని, ఒక పిట్టకథ. 1945లో కోడాక్ ఎక్స్‌రే ఫిల్ములు చుక్కలు చుక్కలుగా పాడైపోయాయి. ఆ సంస్థ భౌతిక శాస్త్రజ్ఞుడు జూలియన్ వెబ్ ఆరా తీస్తే తప్పు ప్యాకింగ్ అట్టది. ఇండియానాలోని విన్సెన్స్ మిల్లులో గడ్డితో చేసిన ఆ అట్టలో సీరియం-141 ఉంది. జులై 16న న్యూ మెక్సికోలో జరిగిన మొదటి అణుబాంబు పరీక్ష ట్రినిటీ బూడిద వాననీటితో నదిలోకి, నదినుంచి మిల్లులోకి చేరింది. కళాకారులెవరూ తలపెట్టకుండానే తయారైన మొదటి ప్రదర్శన అది.

—

గామాలెక్క:

సూదిబెజ్జం ఆలోచన మానుకోండి. సీజియం గామా కిరణం 662 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. దాన్ని సగానికి తగ్గించడానికే 6.5 మిల్లీమీటర్ల సీసం కావాలి. 5 సెంటీమీటర్ల గోడ పెడితే 200 వంతుల్లో ఒక వంతు లోపలికొస్తుంది. లోపల 10 సెంటీమీటర్ల ఖాళీ ఉన్న పెట్టెకి ఆ మందంతో గోడలు కడితే బరువు 80 కిలోలు. అంతా చేసి, బెజ్జంలోంచి వచ్చిన గామా కిరణాల్లో నూటికి ఒకటి కూడా ఫిల్మ్‌లో ఆగదు. అణుకేంద్రాల్లో వాడే గామా కెమెరాలు టంగ్‌స్టన్, స్ఫటికాల డిటెక్టర్లు, బోలెడు లెక్కలు కలిస్తేనే పనిచేస్తాయి.

బ్రెజిల్ కళాకారిణి అలిస్ మిచెలి బెలారుస్ వైపు చెర్నోబిల్ నిషిద్ధ ప్రాంతంలో చేసింది వేరు. ఫిల్ముల్ని ఆ స్థలంలోనే నెలల తరబడి వదిలేసింది. 2010 సావో పౌలో బియెనాలేలో పెట్టిన ఆ 30 బొమ్మల్లో చెట్టూ గోడా కనబడవు, మబ్బుల్లాంటి నలుపు తెలుపులే. బొమ్మ ఆకారం కావాలంటే ఫిల్మ్‌కి వస్తువు ఆనాలి. స్థలం కావాలంటే ఆకారాన్ని వదులుకోవాలి. రెండూ ఒకే ఫ్రేములో దొరకవు.

ఇక కర్ర. కౌంటర్ లోపం కాదు, అది అంకెల గుణం. మీ దాంట్లో ఉన్నది ఎస్‌బీఎం-20 రకం గైగర్ గొట్టం అనుకుంటా. గంటకి 0.23 మైక్రోసీవర్ట్‌ల (ఒంటికి తగిలే మోతాదు కొలమానం) చోట అది నిమిషానికి ఇంచుమించు 40 సార్లు టిక్కుమంటుంది, అంటే 5 సెకన్లకి మూడు. మూడంటే ఒకసారి ఒకటి, ఇంకోసారి ఐదు. లెక్క ఎన్ని వస్తే దాని వర్గమూలమంత ఊగుతుంది. పదిశాతం లోపు ఊగిసలాట కావాలంటే 100 లెక్కలు కావాలి, ఆ గొట్టంతో రెండున్నర నిమిషాలు నిలబడాలి. రేడియేషన్ కొలిచే స్వచ్ఛంద బృందం సేఫ్‌కాస్ట్ వాళ్లు వాడే ఎల్‌ఎన్‌డీ 7317 పాన్‌కేక్ (బల్లపరుపు) గొట్టం గంటకి ఒక మైక్రోసీవర్ట్ ఉన్నచోట నిమిషానికి 334 టిక్కులు ఇస్తుంది, దానితో 80 సెకన్లు. 2 అంగుళాల సోడియం అయొడైడ్ స్ఫటికం ఉన్న డిటెక్టర్ అయితే అదేచోట సెకనుకే 300 పైచిలుకు లెక్కలు. నడుస్తూ గీయాలంటే అదొక్కటే మార్గం.

స్ఫటికం లేకపోతే రెండుసార్లు తిరగండి. పగలు నేలమీద మీటరుకో గుర్తు పెట్టి, ఒక్కోచోట 80 నుంచి 150 సెకన్లు కొలిచి రాసుకోండి. రాత్రి ఆ పట్టికని కర్రలోకి ఎక్కించి, గుర్తు దాటినప్పుడల్లా మీట నొక్కుతూ గీయండి. 'ముందు కొలిచి, తర్వాత గీసినది' అని బొమ్మ కింద రాయండి, అందులో దాచేదేమీ లేదు. పది సెకన్ల సగటుతో సెకనుకి అర మీటరు నడుస్తూ గీసేవాళ్లు రేడియేషన్ ఎక్కువున్న చోటుని ఐదు మీటర్ల మేర పులుముతున్నారు, అది నిజంగా తప్పు.

ఇంకా జాగ్రత్తలు. పాన్‌కేక్ గొట్టం బీటాకి కూడా పలుకుతుంది, మైక్రోసీవర్ట్ లెక్క సీజియం గామాకే చెల్లుతుంది. మూతిమీద 3 మిల్లీమీటర్ల యాక్రిలిక్ పలక పెట్టండి. నేల నుంచి ఎత్తు మార్చొద్దు, నేలకి ఆనించి కొలిచినదానికీ మీటరు ఎత్తున కొలిచినదానికీ పోలిక ఉండదు. ఎల్ఈడీ పట్టీ ఒక్కసారిగా కరెంటు లాగితే గొట్టపు 400 వోల్టుల సరఫరా కుంగి దొంగ టిక్కులొస్తాయి. బ్యాటరీలు వేరు చేసి, పట్టీ మొదట్లో 1000 మైక్రోఫారాడ్ కెపాసిటర్ పెట్టండి. ఎల్ఈడీలు ఆపి పది నిమిషాలు, వెలిగించి పది నిమిషాలు లెక్కపెట్టి పోల్చితే రోగం బయటపడుతుంది.

కెమెరా ఐఎస్‌ఓ 100, ఎఫ్ 8, బల్బ్ (మనం ఆపేదాకా షట్టర్ తెరిచి ఉంచే పద్ధతి). పట్టీ వెలుగు పదిశాతం దాటనివ్వొద్దు, దాటితే ఎరుపు కూడా తెల్లగా కాలిపోతుంది. తెలుపు అంటే తక్కువ అని పెట్టుకున్నవాళ్లకి అది తలకిందులు అర్థం. రంగులు మూడు చాలు, ఇంద్రధనుస్సు వద్దు. డబ్ల్యూఎస్ 2812 పట్టీలు సెకనుకి 400 సార్లు వెలిగి ఆరతాయి కాబట్టి దగ్గర్నుంచి తీస్తే గీత చుక్కలవుతుంది. ఏపీఏ 102 రకంలో ఆ బెడద లేదు.

—

తెరచాటు:

రంగు ఎక్కడ మారాలో ఎవరు నిర్ణయించారన్నది కూడా గోడమీద ఉండాలి. ఫొటోగ్రాఫర్ గ్రెగ్ మెక్‌నెవిన్ ఫుకుషిమా దగ్గర తీసిన ఎల్ఈడీ ఫొటోల్లాంటి వాటికి 0.23 అన్నది సహజమైన గీత, ఎందుకంటే అది జపాన్ ప్రభుత్వం శుభ్రపరిచే పనికి పెట్టుకున్న అంకె. ఆ అంకె ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఏడాదికి అదనంగా 1 మిల్లీసీవర్ట్ మించకూడదనుకున్నారు. మనిషి రోజుకి 8 గంటలు బయట, 16 గంటలు చెక్క ఇంట్లో ఉంటాడని, ఇల్లు మోతాదుని 0.4 వంతుకి తగ్గిస్తుందని అనుకున్నారు. అలా గంటకి 0.19 వచ్చింది, సహజంగా ఉండే 0.04 కలిపితే 0.23. పొలంలో 12 గంటలు గడిపే రైతుకి ఆ గీత ఎక్కడుండాలో లెక్కవేసి, రెండో ఫొటోలో రంగు మార్చి చూపించండి. స్థలం అదే, కొలత అదే, బొమ్మ వేరు. ప్రదర్శనలో నేనైతే ఆ రెండు ఫొటోల్నీ జంటగా పెడతాను.

యురేనియం గాజు విషయంలో చీకటిగది గారు ఏమీ అనలేదు కాబట్టి చెబుతున్నా. ఆ పచ్చటి మెరుపు రేడియేషన్ కాదు. యురేనైల్ అయాన్ అతినీలలోహిత కాంతిని పుచ్చుకుని ఆకుపచ్చగా వదిలే ప్రతిదీప్తి అది. దీపం ఆర్పితే మెరుపు పోతుంది, రేడియోధార్మికత ఎక్కడికీ పోదు. మాంగనీసు కలిసిన పాత గాజు కూడా కాస్త పచ్చగా మెరుస్తుంది, కౌంటర్ పెట్టకుండా కొనొద్దు. కెన్, జూలియా యోనెతానిలు 2013 నాటి తమ పనిలో ఒక్కో అణుదేశానికి ఒక్కోటి చొప్పున 31 షాండిలియర్లు ఈ గాజుతో కట్టారు, పరిమాణం ఆ దేశపు అణువిద్యుత్తుని బట్టి. అక్కడ మెరుపు ఉపమానం, పరిమాణమే సమాచారం. అలా విడగొట్టి వాడితే బాగుంటుంది. 365 నానోమీటర్ల టార్చి తీసుకోండి, 395 రకం ఊదారంగు పొంగి బొమ్మని ముంచేస్తుంది. లెన్సుకి పసుపు ఫిల్టర్ పెట్టండి.

ఇంకొక హెచ్చరిక. స్విస్ చిత్రకారిణి కార్నేలియా హెస్సె-హోనెగర్ చెర్నోబిల్ తర్వాత స్వీడన్‌లోనూ, అణుకేంద్రాల దగ్గరా ఏరిన నల్లుల జాతి పురుగుల వంకర కాళ్లని, ఒరిగిన రెక్కల్ని ఏళ్లపాటు నీటిరంగుల్లో గీసింది. ఆ చేతిపనికి దండం పెట్టాల్సిందే. కానీ శాస్త్రజ్ఞులు అడిగింది ఒకటే: కలుషితం కాని చోట నూటికి ఎన్ని వంకర పురుగులుంటాయి? మీ ఖాళీ ఫిల్మ్ అడిగే ప్రశ్నే అది. దాన్ని డ్రాయర్లో దాచకండి, అదే సైజులో, అదే ఫ్రేములో పక్కన వేలాడదీయండి.

—

నీడబొమ్మ:

చాలా సందేహాలు తీరాయి, ధన్యవాదాలు. రెండే మిగిలాయి. జపాన్ ఫొటోగ్రాఫర్ మసమిచి కగాయ, శాస్త్రజ్ఞుడు సతోషి మోరి చెప్పుల్నీ చేతొడుగుల్నీ ఇమేజింగ్ ప్లేటు మీద తీశారు కదా, అది ఫిల్మ్ కన్నా మేలా? రెండోది, స్కాన్ చేసేటప్పుడు కాంట్రాస్ట్ ఎంతవరకు పెంచొచ్చు?

—

చీకటిగది:

ప్లేటు చాలా చురుకైనది. యూరోపియం కలిపిన బేరియం ఫ్లోరోబ్రోమైడ్ పూత అది. తగిలిన శక్తిని పట్టి ఉంచుకుని, ఎర్ర లేజర్ తగలగానే నీలికాంతిగా వదులుతుంది. ఫిల్మ్‌కి వారాలు పట్టేది దానికి గంటలు, రోజుల్లో పడుతుంది, నలుపు కూడా చాలా విస్తృతమైన పరిధిలో మోతాదుకి సరిసమానంగా పెరుగుతుంది. చిక్కులు మూడు. వాడబోయే ముందు బలమైన తెల్లకాంతితో చెరపాలి, చెరిపిన ప్లేటుని రెండు రోజులు ఊరికే ఉంచినా చుట్టుపక్కల రేడియేషన్‌ని మేసేస్తుంది. తీసిన వెంటనే చదవాలి, ఆలస్యమైతే, వేడి తగిలితే బొమ్మ వెలిసిపోతుంది. చదివే యంత్రం జీవశాస్త్ర ప్రయోగశాలల్లోనే ఉంటుంది. వైద్యపు ఎక్స్‌రే యంత్రాల్లోనూ అదే ప్లేటు ఉంటుంది గానీ, వాటి సాఫ్ట్‌వేర్ కాంట్రాస్ట్‌ని తనంతట తాను లాగి ఖాళీ ప్లేటులో కూడా గెలాక్సీ చూపిస్తుంది. ముడి ఫైలు అడిగి తీసుకోండి.

కాంట్రాస్ట్‌కి నా నియమం: అంచున స్టెప్ వెడ్జ్ (మెట్లుమెట్లుగా నలుపు పెరిగే కొలత పట్టీ) ఒకటి పెట్టి, ఆటో లెవెల్స్ ఆపి, నమూనానీ ఖాళీ ఫిల్మ్‌నీ ఒకే స్కాన్‌లో పట్టండి. ఇష్టం వచ్చినంత లాగండి, ఖాళీదాన్ని కూడా అంతే లాగండి. ఖాళీదాంట్లో చుక్కలు లేవడం మొదలైన చోట ఆగిపోండి. నెగటివ్‌గా ఉంచాలా, తిప్పి తెల్ల చుక్కలు చేయాలా అన్నది ఇంకో ప్రశ్న. తకెదా బొమ్మలు నల్లని ఆకాశంలో నక్షత్రాల్లా ఉంటాయి, అందులో నిహొన్మత్సు కోట దగ్గరి మట్టిది మరీను. జనం ముందు అందానికి మురిసి, తర్వాత చీటీ చదివి ఉలిక్కిపడాలన్నది ఒక ఎత్తుగడ. చీటీ చదవనివాళ్లే ఎక్కువని నా అనుమానం.

—

గామాలెక్క:

చీటీ అన్నారు కాబట్టి: నమూనా బరువు, ఎక్స్‌పోజర్ రోజులు, మొదలుపెట్టిన తేదీ, వీలైతే కిలోకి ఎన్ని బెకెరెల్. తేదీ ఎందుకంటే సీజియం-134 అర్ధాయువు (సగానికి తగ్గే కాలం) 2 ఏళ్లు, 137ది 30 ఏళ్లు. 2012లో తీసిన మట్టి బొమ్మనీ ఇప్పుడు తీసిన బొమ్మనీ ఒకే గోడకి పెట్టి 'తగ్గింది' అంటే, తగ్గినదాంట్లో ఎక్కువభాగం 134దే.

కదిలేది కూడా ఒకటి కావాలంటే, కణాలు వెళ్లిన దారిని ఆవిరి గీతలుగా చూపే క్లౌడ్ చాంబర్ పెట్టండి. నల్లటి లోహపు పలక కింద డ్రై ఐస్, పైన గాజు పెట్టె, పైకప్పుకి 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన ఫెల్ట్, పక్కనుంచి నేలబారుగా ఎల్ఈడీ వెలుగు. పావుగంటలో గీతలు మొదలవుతాయి. 70 శాతం ఆల్కహాల్ వాడితే నీరు గడ్డకట్టి మంచు పేరుకుంటుంది. జల్లు పడుతూ గీతలు రాకపోతే పెట్టె అంచున గాలి దూరుతోందని అర్థం. లోపల ఎర్రమూతి థోరియం వెల్డింగ్ కడ్డీ పెడితే దాన్నుంచి పొట్టిగా, లావుగా ఆల్ఫా గీతలు దూకుతాయి. కడ్డీని సానపట్టొద్దు, దుమ్ము పీల్చడమే అక్కడి ప్రమాదం. మూసిన గదిలో డ్రై ఐస్ వద్దు, ఆల్కహాల్ దగ్గర నిప్పు వద్దు. కడ్డీ తీసేసినా గీతలు పడుతూనే ఉంటాయి, అవి విశ్వకిరణాలు, గాలిలోని రాడాన్. అది ముందే రాసిపెట్టకపోతే హాలు లీకవుతోందని మొదటిరోజే ఎవరో ఒకరు ఫిర్యాదు చేస్తారు.

—

తెరచాటు:

మట్టి ఎక్కడి నుంచి తెస్తున్నారో నీడబొమ్మ గారు చెప్పలేదు. నిషిద్ధ ప్రాంతం నుంచి గుప్పెడు కూడా తేవద్దు, తెచ్చేవాళ్ల దగ్గర కొనొద్దు. రేడియం గడియారాలు విప్పొద్దు, పొగ అలారంలోని అమెరీసియం జోలికి పోవద్దు. అనుమతి ఉన్న ప్రయోగశాలని అడిగి, ఫిల్ముల్ని వాళ్ల దగ్గరికే పంపి, వాళ్లచేతే ఎక్స్‌పోజ్ చేయించడం మేలు. పంపేటప్పుడు ఒక ఖాళీ ఫిల్మ్‌ని కూడా అదే ప్యాకెట్లో పంపి, విప్పకుండా తిరిగి తెప్పించుకోండి. దారిలో సీటీ స్కానర్ కిందపడి వస్తే అలల్లాంటి మరకలు పడతాయి, అవి ఎవరివో ఆ ఖాళీ ఫిల్మే చెబుతుంది.